టైటిల్‌లో లేని ఎలుకలు

గురువారం, గల్ఫ్‌లో లేబర్ క్యాంప్

ఈరోజు సైట్‌లో ఎండకు కళ్లు తిరిగి పడిపోయాను. తప్పు నాదే. మొన్న ఫోన్‌లో ఒక పరిశోధన టైటిల్ చూశాను: "ఉప్పు నీళ్లతో కిడ్నీలకు ముప్పు". అప్పటి నుంచి కంపెనీ ఇచ్చే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తాగకుండా దిండు కింద దాస్తున్నాను.

క్లినిక్‌లో కాంపౌండర్‌గా చేసే మా రూమ్‌మేట్ సలీం భాయ్ సాయంత్రం ఆ వ్యాసం మొత్తం ఓపిగ్గా చదివాడు.

"మల్లేశ్, గిది ఎలుకల మీద జేసిన పరీక్ష. అండ్ల మస్తు ఉప్పు పోసిండ్రు. టైటిల్ల ఎలుక మాటే రాయలే!"

తనే ప్యాకెట్ కలిపి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా మంచం పక్కనే నిలబడ్డాడు. చల్లగా ఉండాలి ఆ మనిషి.

ఆ టైటిల్‌ని పక్క రూమ్‌కి కూడా పంపానని చెప్పాను. తిట్టలేదు. "యల్లా, నడువ్, పోయి చెప్దాం" అన్నాడు.

అక్కడ నాలుగు దిండ్లు ఎత్తితే నాలుగింటి కిందా ప్యాకెట్లే.