గుండెనొప్పేనంట

బావా, నీ ఫోన్ కలవలేదు. మీ నాయనకు గుండెనొప్పి వచ్చింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. డ్యూటీ నుంచి రాగానే అన్నం తిని, ఆయన బీపీ మాత్రలు, ఒక దుప్పటి పట్టుకొని రా.

పాపం, నిన్నటి నుంచే నొప్పి ఓర్చుకున్నాడట. అంబులెన్సు వస్తే కరోనా అనుకొని మన వీధికి అడ్డంగా కట్టెలు కడతారని ఆయన భయం. నేను ఎంత కేకేసినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. "కరోనా కాదు, గుండెనొప్పి!" అని అరిచాక వీధి వీధంతా వచ్చి ఆయన్ను ఆటో ఎక్కించింది. ఎదురింటి చంద్రకాంతమ్మ అయితే, "గుండెనొప్పేనా? బతికించినావు తల్లీ, ఇంకేమో అనుకొని హడలి సచ్చినా" అని ఫ్లాస్కులో కాఫీ కూడా పోసిచ్చింది.

కోమలి

పొద్దుటి నుంచి నాకు జ్వరం, వాసన తెలియడం లేదు. ఆసుపత్రిలో పరీక్ష చేయించుకుంటాలే. వీధిలో మాత్రం ఎవరికీ చెప్పొద్దు.