తవుడుకు అమ్మిన పిల్ల

5 ఆగస్టు 1957, సోమవారం

నేను మా అయ్య కూతుర్ని కాదట. ఈ రోజు పోస్టులో వచ్చిన కాయితం అలా అంటోంది.

రిజిస్ట్రీ పంపిన బర్త్ సర్టిఫికెట్ నకలు అది. టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఫారానికి జత చెయ్యాలి. స్కూలు నుంచి వచ్చి యూనిఫాం కూడా మార్చకుండా వాకిట్లోనే కవరు చించాను. పేరు తవిటమ్మ. సరే. పుట్టిన సంవత్సరం 1940, చోటు సుంగై సుమున్, మా కొబ్బరి ఎస్టేట్. సరే. తండ్రి: కరుప్పయ్య. తల్లి: మీనాచ్చి.

మా అయ్య పేరు అప్పలసామి. అమ్మ పేరు నరసమ్మ. మీనాచ్చి పక్కింటామె. కరుప్పయ్య ఆమె భర్త. జపాను వాళ్ల కాలంలో సయాంలో రైలు దారి వేసే పనికి తీసుకుపోయారు, తిరిగి రాలేదు.

మూడుసార్లు చదివాను. కింద 'సర్టిఫైడ్ ట్రూ కాపీ' అని ముద్ర. 'ట్రూ' దగ్గర సిరా కాస్త అలుక్కుంది.

కాలేజీ క్లోజింగ్ డేట్ 31 ఆగస్టు.

6 ఆగస్టు

ఎవరికీ చెప్పలేదు. కాయితం అట్లాస్‌లో ఆఫ్రికాకి, ఆస్ట్రేలియాకి మధ్య ఉంది.

8 ఆగస్టు, గురువారం

చెప్పేశాను. అన్నం ముందు కూర్చున్నప్పుడు చెప్పాను, అది తప్పు. ఎవరూ తినలేదు.

సగం కథ నాకు ముందే తెలుసు. లైన్స్‌లో, అంటే ఈ కూలీల ఇళ్ల వరసల్లో, అందరికీ తెలుసు. నాకు ముందు ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల పుట్టి పోయారు. ఒక్కరూ ఏడాది దాటలేదు. అందుకని నేను పుట్టిన పదకొండో రోజున అమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి మీనాచ్చికి అమ్మేసింది. ధర ఒక చేటెడు తవుడు. మీనాచ్చికి ఐదుగురు కొడుకులు, ఐదుగురూ రాళ్లలా ఉన్నారు. ఆమె పిల్లనైపోతే అమ్మ పిల్లల్ని ఎత్తుకుపోయేది నా వైపు చూడదట. నా పేరు అందుకే తవిటమ్మ. స్కూల్లో అర్థం అడిగితే ఒక పువ్వు పేరని చెప్పాను.

పెరిగింది మా ఇంట్లోనే. కానీ మీనాచ్చిని 'అమ్మా' అనాలి. అమ్మని 'పిన్నీ' అనాలి. ఎవరైనా అడిగితే అమ్మ నన్ను చూపించి 'మీనాచ్చి గుంట' అంటుంది. మా యాసలో గుంట అంటే పిల్ల. ఈ పుస్తకంలో మాత్రం అమ్మని అమ్మ అనే రాస్తాను. గేటు దగ్గర పోలీసు సంచీలో అడవిలోని కమ్యూనిస్టులకి పంపే బియ్యం ఉన్నాయేమోనని వెతుకుతూ దీన్ని కూడా తిరగేస్తాడు. తెలుగు చదవలేడు. అమ్మా చదవలేదు.

నాకు తెలియని సగం ఈ రోజు తెలిసింది. నేను పుట్టాక ఎస్టేట్ కిరాణి, అంటే గుమస్తా, పుస్తకం పట్టుకుని లైన్స్‌కి వచ్చాడు. ఎవరి పిల్ల అని అడిగాడు. అమ్మ, మాట తప్పకూడదని, మీనాచ్చి పిల్ల అంది. కిరాణి రాసుకున్నాడు. పుట్టుకలు నమోదు చేసే పోలీసు స్టేషన్లో అదే ఎక్కింది. అయ్య పక్కనే నిలబడి ఉన్నాడట. ఎందుకు ఊరుకున్నావని అడిగాను. ముగ్గుర్ని చేతుల మీద మోసుకెళ్లి పూడ్చినవాణ్ణి, కిరాణి ఏం రాసుకుంటే నాకేం అనుకున్నాను అన్నాడు.

అమ్మ నావైపు చూడకుండా, కిరాణి అడిగినదానికి నిజమే చెప్పాను కదా అంది.

11 ఆగస్టు, ఆదివారం

మీనాచ్చికి సంగతి తెలిసింది. ఆమె నవ్వు ఎస్టేట్ ఆఫీసు దాకా వినిపించి ఉంటుంది. గవర్నమెంటే రాసిచ్చింది, రేపటి నుంచి నా ఇంట్లో నీళ్లు మొయ్యవే అంది. పదిహేడేళ్లుగా నా పిల్లకి తిండి పెట్టినందుకు నీకేమివ్వాలో చెప్పు అని అమ్మని ఏడిపించింది. నేనిచ్చింది మంచి తవుడు, పురుగు లేదు, వాపసు ఇస్తే అలాంటిదే ఇవ్వాలి లా, అంది, ఇక్కడి వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి. అమ్మ నవ్వలేదు.

తర్వాత నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు మీనాచ్చి వచ్చి కాయితంలో తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. వేలికున్న సున్నం అంటుకుంది.

14 ఆగస్టు, బుధవారం

మిస్ లిమ్, మా క్లాస్ టీచర్, కాయితం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. సున్నం మరక ఏమిటని అడిగింది. తాంబూలం సున్నం అన్నాను.

దారులు రెండున్నాయి అంది. ఒకటి సులువు. స్కూలు రిజిస్టర్లో, కేంబ్రిడ్జ్ పరీక్షకి పంపే లిస్టులో నన్ను కరుప్పయ్య కూతురుగా మార్చెయ్యడం. లిస్టు ఇంకా పోలేదు. మీనాచ్చి తల్లిగా వేలిముద్ర వేస్తే చాలు. రెండోది కష్టం. నన్ను కన్న తల్లి, కాయితంలో ఉన్న తల్లి, ఇద్దరూ టెలుక్ ఆన్సన్ పట్నం వచ్చి మేజిస్ట్రేట్ ముందు ప్రమాణం చెయ్యాలి. దాన్ని స్టాట్యుటరీ డిక్లరేషన్ అంటారు.

బస్సులో ఆ రెండు మాటలూ నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. మాటలు అందంగానే ఉన్నాయి. ఇంట్లో చెప్పాక లేవు.

అమ్మకి సులువు దారి నచ్చింది. కాయితంలో మీనాచ్చి గుంటగానే కాలేజీకి వెళ్లు, క్షేమంగా ఉంటావు అంది. మీనాచ్చికీ నచ్చింది, అందుకే ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఇదే మొదటిసారి. అయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపు రాలేదు.

18 ఆగస్టు, ఆదివారం

ఒక సంగతి కనిపెట్టాను.

అయ్యకి కొబ్బరి ఎండబెట్టే కొప్రా షెడ్డులో పని. కాయల పీచు ఒలవడం, పగలగొట్టడం, చిప్పలు పొయ్యిలో వెయ్యడం. ఈ రోజు టీ పట్టుకెళ్లాను. పొయ్యి పక్కన చిప్పల గుట్ట. ఒక్కో చిప్ప లోపల బొగ్గుతో వంకరటింకర ఇంగ్లీషు అక్షరాలు. ఏ, పీ, పీ, ఏ. అన్నిటి మీదా అవే.

జూన్‌లో ఫారం తెచ్చినప్పుడు తండ్రి సంతకం దగ్గర వేలిముద్ర వెయ్యనన్నాడు. టీచరయ్యే పిల్ల ఫారం మీద వేలిముద్ర ఏమిటి అన్నాడు. నా చేత తన పేరులోని పది ఇంగ్లీషు అక్షరాలూ ఒక కాయితం మీద రాయించుకున్నాడు. మర్చిపోయాడనుకున్నాను. రెండు నెలలుగా నేర్చుకుంటున్నాడు. రాసిన చిప్పలన్నీ పొయ్యిలో కాల్చేస్తున్నాడు. మేస్త్రి చూస్తే నవ్వుతాడని.

ఇప్పుడు ఆ గడిలో ఎవరి సంతకం?

అడగలేదు. టీ ఇచ్చి వచ్చేశాను.

20 ఆగస్టు

ఆల్జీబ్రా టెస్టులో అరవై రెండు. నాకు ఎప్పుడూ ఎనభైకి తగ్గలేదు.

22 ఆగస్టు, గురువారం

వెంకటరావు మాస్టారు మేజిస్ట్రేటు ఆఫీసుకి వెళ్లి కనుక్కుని వచ్చారు. ఎస్టేట్ బడిలో నాకు తెలుగు నేర్పింది ఆయనే. ఈ పుస్తకం కొనిచ్చిందీ ఆయనే. 31 మెర్దెకా, ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజు, ఆఫీసులన్నిటికీ సెలవు. కాబట్టి కష్టమైన దారికి ఆఖరి రోజు 30, శుక్రవారం. ఉదయం పదింటికి మేజిస్ట్రేటు కూర్చుంటారు, పన్నెండుకి లేచిపోతారు. పన్నెండులోపు పని అయితే మిస్ లిమ్ ఆ రోజే ఫారం పంపుతుంది.

డిక్లరేషన్ నమూనా కూడా తెచ్చారు. 'సాలెమ్‌లీ అండ్ సిన్సియర్‌లీ డిక్లేర్.' నేను అమ్మకి తెలుగులో చెప్పాను. దేవుడి మీద ఒట్టేసి, ఇది నా కడుపున పుట్టిన పిల్ల అని గట్టిగా చెప్పాలి, అంతే.

అమ్మ కొబ్బరి కోరుతోంది. ఆపింది.

"అంతేనా? ఆ ముగ్గుర్నీ నా పిల్లలు, నా పిల్లలు అని ఊరంతా సెప్పుకున్నాను. ఏటైనారు? దీన్ని అననేదు. ఇది బతికినాది. ఇప్పుడు గవర్మెంటోడి ముందర నాదే అని అరిస్తే ఆడొక్కడే వింతాడేటి?"

మాస్టారు లేచారు. వెళ్తూ గేటు దగ్గర నాతో, ఆమె మూఢనమ్మకం అని నువ్వు అనకు అన్నారు. గేటు ముళ్లకంచెకి కొత్త జెండా కాయితాలు కడుతున్నారు. గాలికి చిరుగుతున్నాయి.

25 ఆగస్టు, ఆదివారం

ఈ రోజు నేను చేసింది రాయకూడదనుకున్నాను. రాస్తాను.

అమ్మ నాకు తలంటింది. పక్క లైన్‌లో కొత్తగా చేరినామె చూసి, నీ కూతురికి జుట్టు బాగుంది అంది. అమ్మ ఎప్పటిలాగే, నా కూతురు కాదు, మీనాచ్చి గుంట అంది. ఎప్పటిలాగే. వెయ్యిసార్లు విన్నాను. ఈ రోజు సబ్బు నీళ్లు కళ్లలో పడి, లేచి నిలబడి అన్నాను.

"అవును. నీకు కూతురు నేదు. కాయితం సరిగ్గానే సెప్పినాది."

నా నోటి నుంచి అచ్చం అమ్మ భాషలో వచ్చింది. కొత్తామె వెళ్లిపోయింది. అమ్మ చెంబు నింపి నా తల మీద పోసింది. ఇంకో చెంబు పోసింది. సబ్బంతా పోయే దాకా పోసింది. 

26 ఆగస్టు

అమ్మ మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది.

27 ఆగస్టు, మంగళవారం

నేనే లొంగిపోయాను. కొత్త ఫారం తెచ్చాను. సులువు దారి. కాలేజీ కావాలి నాకు. వరండాలో కూర్చుని ఒక్కో గడీ నింపాను, మంచి చేతిరాతతో. తండ్రి: కరుప్పయ్య, డిసీజ్డ్. 'డిసీజ్డ్' అంటే చనిపోయాడని. నాకు ఇష్టమైన మాటల లిస్టులో అది లేదు. చేర్చను.

అయ్య పని నుంచి వచ్చాడు. పూర్తయిందా అని అడిగాడు. చేతులు లుంగీకి తుడుచుకుని ఫారం తీసుకున్నాడు. తిరగేసి పట్టుకుంటాడేమో అనుకున్నాను. లేదు. మొదటి పేజీ పైనుంచి కింది దాకా వేలితో నెమ్మదిగా వచ్చాడు. రెండో పేజీ. మళ్లీ మొదటి పేజీ.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. రెండు రోజుల తర్వాత నోరు విప్పింది.

"ఏటి ఎతుకుతున్నావు?"

"నా పేరు," అన్నాడు అయ్య. "నా పేరొకటే నాకు తెలుసు."

ఫారం నాకు ఇచ్చేశాడు. కోపంగా కాదు. అక్షరాలు బాగున్నాయి అన్నాడు. తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లాడు.

అమ్మ చాలాసేపు గుమ్మంలోనే ఉంది. తర్వాత వచ్చి నా ముందు కూర్చుంది. ఆ ఫారం చించెయ్యమంది. నేను చించలేదు, నమ్మకం లేక. తనే చించింది. చించిన ముక్కలు నా చేతిలోనే పెట్టింది.

"శుక్రారం నాను ఎల్తాను. నువ్వు మాత్రం ఆ మాట ఇనకూడదు."

ఎందుకని అడిగాను. చెప్పింది. మేజిస్ట్రేటు విన్నా, మాస్టారు విన్నా అది గవర్నమెంటు పని. పిల్ల చెవిన పడిందంటే అమ్మకం రద్దయినట్టే. రద్దయితే ఎత్తుకుపోయేదానికి దారి తెలుస్తుంది. కాబట్టి నేను వేరే బస్సులో రావాలి. వాళ్ల పక్కన నిలబడకూడదు. అమ్మ ప్రమాణం చేసే గదిలో ఉండకూడదు. ఇంటికొచ్చాక కూడా అడగకూడదు. పిన్నీ అనే పిలవాలి.

ఒప్పుకున్నాను. ఆదివారం అన్న మాటకి తప్పయిందని చెప్పాలనుకున్నాను. అమ్మ అప్పటికే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

28 ఆగస్టు

ఉదయం మీనాచ్చి దగ్గరికి వెళ్లాను. అమ్మ నిన్ననే చెప్పేసిందట. వేళాకోళం చేస్తుందనుకున్నాను. తలుపు మూసి ఉంది. తలుపు అవతల నుంచే, వస్తానని చెప్పు అంది. మళ్లీ, ఐదుగురూ మగాళ్లే, కాయితంలోనైనా ఒక ఆడపిల్ల ఉందనుకున్నాను అంది.  కాసేపటికి తలుపు తీసి, అమ్మా అని పిలవడం మాత్రం మానకు లా, అంది. కొత్త చీర ఇస్త్రీకి ఇచ్చి రమ్మని నా చేతిలో పెట్టింది.

చీర ఇచ్చి వచ్చాను.

29 ఆగస్టు, గురువారం, సాయంత్రం

జూన్‌లో తెచ్చిన మొదటి ఫారం మీద అయ్య సంతకం చేశాడు. పది అక్షరాలకి ఎనిమిది నిమిషాలు పట్టింది.

రేపు గేటు ఆరింటికి తెరుస్తారు. అమ్మ, అయ్య, మీనాచ్చి, మాస్టారు మొదటి బస్సు. నేను రెండోది. కోర్టు గదికి ఎదురుగా వరండా ఉందట, అక్కడ బెంచీ మీద కూర్చోమని మాస్టారు చెప్పారు. వేడికి గది కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయని కూడా చెప్పారు. ఎందుకు చెప్పారో తెలియదు.

అమ్మకి మాటిచ్చాను. బెంచీ మీదే కూర్చుంటాను.

కిటికీ వైపు ఉన్న చివర.