లేని ఎద్దుకు సూరేకారం

డిసెంబర్ 8

ఎస్తేరు మళ్ళీ మొదలుపెట్టింది. పెళ్ళయి నలభై ఏడేళ్ళు. బంగళాలో హ్యాము, బంగళాలో హ్యాము అని విని విని చెవులు తూట్లు పడ్డాయట. "ఒక్క పొద్దన్నా నా నోట్లో ఏసినావా? ఎముకలు తెచ్చిస్తివి, పులుసు పెట్టుకొని తాగితిమి."

నిజమే. మిషన్ ఆస్పత్రి బంగళాలో ఇరవై రెండేళ్ళు వంటవాడిని. డాక్టరమ్మ క్రిస్మస్ బల్ల మీదికి ఏటా ఒక పంది తొడ ఊరబెట్టి, ఉడికించి, బెల్లం పూసి కాల్చి పంపాను. నా ఇంటికి వచ్చింది ఎముక.

సరే, ఈ క్రిస్మస్‌కు హ్యాము అన్నాను. అనేశాక భయం వేసింది. చేసి ముప్పై ఏళ్ళు దాటింది.

డిసెంబర్ 9

లలితకు చెప్పాలి. కోడలు. కోడుమూరు శెట్టి కూతురు, పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ఎరగని ఇంటి పిల్ల. మావాడు ప్రభాకర్‌ను చేసుకుని ఆరేళ్ళు. ఫ్రిజ్ ఆమె జీతంతో కొన్నది. అందులో పది రోజులు పంది తొడ పెట్టుకుంటానని అడగడానికి మూడుసార్లు వంటింట్లోకి పోయి, మూడుసార్లూ నీళ్ళు తాగి వచ్చాను.

నాలుగోసారి ఆమే — "దాహమా మామా, మాటా?"

చెప్పాను. ఫ్రిజ్ తలుపు తీసింది.

"పై అర నీది. కింద అర నాది. నడిమి అరలో ఎవురూ ఏం పెట్టొద్దు."

దేశాల సరిహద్దులు కూడా ఇంత శుభ్రంగా గీసి ఉండరు.

డిసెంబర్ 10

తొడ కుదిరింది. పద్నాలుగున పొద్దున్నే కసాయివాడు తెచ్చిస్తాడట.

డిసెంబర్ 11

సూరేకారం లేదు. ఊరంతా లేదు. ఉప్పు, బెల్లం, మిరియాలు, లవంగాలు ఎన్ని పోసినా చిటికెడు సూరేకారం పడకపోతే మాంసం ఉడికాక బూడిద రంగుకు తిరుగుతుంది. రోజా రంగు రానిది హ్యాము కాదు, ఉప్పు పంది.

పాత బజారులో మూడు అంగళ్ళు తిరిగాను. మొదటివాడు నా మొహం చూశాడు, చేతికర్ర చూశాడు. "ఏం పెద్దాయనా, ఎవుని మింద కోపం? ఎలక్షన్లు గూడ ల్యావు గదా ఇప్పుడు!" రెండోవాడు నవ్వలేదు, ఆధార్ కార్డు అడిగాడు. సూరేకారంతో బాంబులు చుట్టే సీమలో పుట్టి వంటకని దాన్ని అడగడం నాదే తప్పు. మూడోవాడు మంచివాడు. "కోడుమూరులో సుబ్బరాయ శెట్టి అంగడికి పో. పశువుల మందులు అమ్ముతాడు. ఆయన కాడ ఉంటాది."

సుబ్బరాయ శెట్టి. లలిత వాళ్ళ నాయన. ఇంకెవడూ దొరకలేదు నా తలరాతకు.

డిసెంబర్ 12

బస్సులో పోయివచ్చాను. ఇంట్లో చెప్పలేదు.

శెట్టి నన్ను గుర్తుపట్టాడు. పట్టనట్టు ఉన్నాడు. ఆరేళ్ళ కింద రిజిస్ట్రారు ఆఫీసు బయట నిలబడి "నాకు బిడ్డ ల్యాదు" అని వెళ్ళిపోయిన మనిషి. అప్పటినుంచి కూతురితో మాట లేదు. జుట్టంతా తెల్లబడింది.

"ఏమప్పా, ఏం గావాల?"

"సూరేకారం."

"దేనికి?"

ఎద్దుకు అన్నాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఎద్దుకు ఎర్రోడు అని పేరు పెట్టాను. ఎడమ కొమ్ము విరిచాను. నీరుడు కట్టి, ఉచ్చ బిగిసి నాలుగు దినాలుగా మేత ముట్టడం లేదన్నాను. దగ్గరికి పోతే తల తెచ్చి నా భుజానికి ఆనిస్తుందన్నాను. ఇదంతా ఎక్కడినుంచి ఊడిపడిందో నాకే తెలియదు. జన్మలో నేను పెంచింది కోళ్ళను.

శెట్టి తక్కెడ ఆపేశాడు. "మా నాయన కాడ ఉండె ఒగటి. అట్లనే ఆనిచ్చేది."

పొట్లం కట్టి బల్ల మీద పెట్టాడు. చేతికివ్వలేదు. డబ్బులూ తీసుకోలేదు. "మూగజీవానికి దుడ్లేంది." నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి — "మీ పండగ పొద్దు వచ్చి సూస్తా దాన్ని."

ఎద్దును చూడటానికి పండగ దాకా ఆగడం ఎందుకో, బస్సు సగం దూరం వచ్చాక తట్టింది.

డిసెంబర్ 13

"మీ నాయన పండగకు వస్తాడంట" అన్నాను లలితతో. ఏదో పని మీద పోయి కలిశానన్నాను. సూరేకారం ఊసెత్తలేదు. ఆమె బియ్యం చాట కింద పెట్టి బయటికి పోయింది. కాసేపటికి చూస్తే గేటు కడుగుతోంది. పండగ ఇంకా పన్నెండు రోజులుంది.

డిసెంబర్ 14

తొడ వచ్చింది. రుద్ది, రుద్ది, ఉప్పునీళ్ళలో ముంచి పై అరలో పెట్టేసరికి నడుము పట్టేసింది. బంగళాలో ఫ్రిజ్ లేదు, తడి గోనెపట్టాల మధ్య రాతి జాడీ. నేను బడికి పోలేదు. అక్షరాలు నేర్చుకున్నది డాక్టరమ్మ మందు సీసాల మీద. కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం "చల్లని చోట ఉంచవలెను". కర్నూలులో అలాంటి చోటు ఎక్కడుందా అని ఏడాదిపాటు ఆలోచించాను. ఇప్పుడు తెలిసింది, కోడలి ఫ్రిజ్‌లో.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను. నడుముకు మందు రాయించుకోవాలి.

డిసెంబర్ 17

నా పని అయిపోయింది.

శెట్టి లలితకు ఫోను చేశాడు. ఆరేళ్ళలో మొదటిసారి. నేను పక్కనే వక్క కత్తిరిస్తున్నాను. "నాయనా... బాగుండా... ఆ? ఎద్దా?" నా వైపు చూసింది. నేను వక్క వైపు చూశాను. "...బాగుండాది నాయనా. మేత తింటాండాది."

ఫోను పెట్టేసింది.

"మామా, మనకు ఎద్దు యాడుండాది?"

చెప్పాను. మొత్తం, విరిగిన కొమ్ముతో సహా. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"ఆయనకు నేనెప్పుడూ అబద్ధం చెప్పలా. ఇల్లిడిచి వచ్చిన పొద్దు గూడ ఎదురుగా నిలబడి, పోతాండా అని చెప్పే వచ్చినా. ఆరేండ్లకు ఫోను జేసినాడు. తొలిమాటకే అబద్ధం ఆడించినావు."

"హ్యాము మానేస్తానమ్మా."

"మానేస్తే అబద్ధం పోతాదా? అత్తకు మాటిచ్చినావు, చెయ్యి. కానీ ఆయన ఈ ఇంట్లో ముద్ద నోట్లో పెట్టకముందే నువ్వే చెప్పాల. తన అంగట్లో సరుకు దేంట్లో పడిందో, ఎద్దు సంగతేందో. ఇన్నాక కూర్చుంటాడో పోతాడో ఆయనిష్టం."

డిసెంబర్ 18

ఎస్తేరుకు తెలిసింది. "అంత పొడుగు అబద్ధం ఎందుకప్పా? కడుపునొప్పి అంటే ఇయ్యడా?"

డిసెంబర్ 19

వంటల జాబితా. మొదట రాసుకున్నది — హ్యాము, మెదిపిన ఆలుగడ్డ, బీన్సు, క్యారెట్టు, గ్రేవీ. ఇప్పుడున్నది — గుత్తొంకాయ, కందిపప్పు, చిత్రాన్నం, మిరపకాయ బజ్జీలు, కొర్రల పాయసం, ఓళిగలు. హ్యాముకు తోడు వంటకాలు అనుకుంటే, వాటి చివర తోకలా హ్యాము మిగిలింది. అదీ పెరట్లో. వంటింట్లోకి రాకూడదు. లలిత తన నాయనకు వండటానికి గిన్నెలన్నీ కొత్తవి కొన్నది. అన్నం గరిటెతో సహా.

ఆమె ముఖం చూశాను. ఆలుగడ్డ కొట్టేశాను.

డిసెంబర్ 21

శెట్టికి ఫోను చేశాను. ఈ రోజు చెప్పేయాలి అని కాగితం మీద రాసుకుని మరీ.

"ఎర్రోడు లేచినాడా?" అన్నాడు, నా పేరు కూడా అడగకుండా.

"...లేచినాడు."

నిజం చెప్పడానికి ఫోను చేసి, పడుకున్న ఎద్దును లేపి నిలబెట్టాను. థూ.

డిసెంబర్ 23

మళ్ళీ చేశాను. "చెప్పు బావా" అన్నాడు. బావా! ఆరేళ్ళకు వియ్యంకుడి వరస కలిపాడు. బస్సు టైములు అడిగి పెట్టేశాను.

డిసెంబర్ 24

తొడ తీసి కడిగి మంచినీళ్ళలో నానేశాను. అంచు కోసి వేయించి చూశాను. ఉప్పు కషాయం. మళ్ళీ నీళ్ళు మార్చాను. మళ్ళీ. ఇంత వయసొచ్చీ చేయి తూకం తప్పింది. కానీ లోపల రంగు మాత్రం అచ్చం డాక్టరమ్మ బల్ల మీది రంగే. ఎవరికి చూపించుకోను? ఎస్తేరు పిండి కలుపుతోంది. లలిత నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడటం లేదు.

"రేపు పొద్దున చెప్తావు గదా మామా?" అన్నది ఒక్కటే.

డిసెంబర్ 25, మధ్యాహ్నం

గేటు దగ్గరే చెప్పేద్దామని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పన్నెండుకు వస్తానన్నవాడు పదిన్నరకే దిగాడు. ఆటోలోంచి ముందు ఒక సంచి దిగింది. బుడ్డల చెక్క, గానుగాడిన వేరుశనగ, పది కిలోలు. ఎర్రోడికి. ఆ సంచి భుజానికెత్తుకుని, "యాడ కట్టేసినావు బావా?" అంటూ నేను కర్ర అందుకునేలోపు సందు వెంట పెరట్లోకి పోయాడు.

పెరట్లో మూడు రాళ్ళు, వాటి మీద ఇనుప గుండిగ, మూత మీద నిప్పులు. అంతే. గుంజ లేదు, పేడ లేదు. బెల్లం కాలే వాసన.

నాలుగు మూలలా చూశాడు. "ఎద్దేది?"

చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క మాట ఎక్కువ లేకుండా. గుండిగలో ఉన్నదేమిటో, దాంట్లో ఏం పడిందో, లలిత ఎందుకు చెప్పమన్నదో.

పంది గురించి ఒక్క ముక్క అడగలేదు.

"అయితే ఎర్రోడు ల్యాడా?"

"లేడు."

"కొమ్ము ఇరిగింది?"

"అదీ లేదు."

సంచి దించి దాని మీదే కూర్చున్నాడు. "పదమూడు దినాల సంది మా ఇంటామెతో దాని సంగతే చెప్తాండా" అన్నాడు. నాతో కాదు, గోడతో.

గంటలు గడుస్తున్నాయి. పోడు, లోపలికి రాడు. ప్రభాకర్ బతిమాలి వచ్చాడు. లలిత కొత్త గ్లాసుతో నీళ్ళు తీసుకుపోయింది. గ్లాసును తిప్పి చూశాడు. తాగాడు. ఈ ఇంటి నీళ్ళు తాగాడు. ఆకు వేసి వడ్డిస్తానంటే తల తిప్పుకున్నాడు.

హ్యాము దించి కోశాను. పలచగా, రోజా రంగు, అంచున నల్లబడ్డ బెల్లం. నలభై ఏడేళ్ళ బాకీ. ఎస్తేరు ముట్టలేదు. "బయట మనిషి పస్తు కూర్చోనుంటే నాకు దిగుతాదా?" గుత్తొంకాయ చల్లారింది. ఓళిగలు గట్టిపడుతున్నాయి. ఇన్ని వంటకాలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాయి.

మూడున్నర

కిటికీలోంచి చూస్తూ రాస్తున్నాను. లలిత మళ్ళీ పోయింది. ఈసారి ఆకు తీసుకుపోలేదు. ఆయన సంచి పక్కన నేల మీద కూర్చుంది. ఏదో అంటున్నాడు. వినపడి చావదు. చేత్తో గోడ పక్కన, గుంజ పాతేంత ఖాళీ చోటు చూపిస్తున్నాడు. ఆమె లేచింది. ఇటే వస్తోంది.

"మామా, నాయన పిలుస్తాండాడు."

"ఏమంట?"

"ఎర్రోడి సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలంట."

ఉన్నట్టా, లేనట్టా? ఎట్లా చెప్పమంటాడు? అడిగాను.

"నాకేం తెలుసు మామా" అంది. నా చేతికర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.