వదినతో జర్మనీ, మాటల్లేకుండా

మే 4, అనకాపల్లి

వీసా వచ్చేసింది. ఇక తప్పదు. అన్నయ్య మోకాలు మొరాయించింది కాబట్టి టూర్లో తన సీటు నాకిచ్చాడు, సన్యాసమ్మ వదినకు తోడుగా. ఫోన్లో నవ్వుతున్నాడు కూడా. "మీ వదినకి సెప్పేను. ఊఁ అన్నేదు, ఊఁహూఁ అన్నేదు."

నాలుగేళ్ళుగా మాటల్లేవు మాకు. వాళ్ళమ్మాయి దేవి పెళ్ళికార్డులో మా ఆయన పేరు వేయలేదని.

దేవికిప్పుడు ఆరో నెల. వచ్చే నెల ఎస్. రాయవరంలో, అన్నయ్య వాళ్ళింట్లో సీమంతం. మేనత్తను నేను. వదిన బొట్టు పెట్టి పిలవాలి... పిలవకుండా వెళ్ళలేను. వెళ్ళకుండానూ ఉండలేను. కోటలూ నదులూ సరే, నాక్కావలసింది ఆ పిలుపు.

మే 9, ఫ్రాంక్‌ఫర్ట్

ఒకే గది. రెండు మంచాలూ కలిపేసి ఉన్నాయి. వదిన మధ్యలో తువ్వాలు పరిచింది, గట్టు వేసినట్టు.

నాతో మాట్లాడదుగా — కెటిల్‌తో మాట్లాడుతోంది. నీళ్ళు మరిగాయి, ఎవరైనా టీ తాగుతారేమో అని. తాగుతారని నేను కర్టెన్‌కి చెప్పాను. మాటలు మానేసినవాళ్ళు మూడో మనిషి మీద పెట్టి చెప్పుకోవడం మామూలే. ఇక్కడ మూడో మనిషి కూడా లేకపోయె.

మే 10, రైన్ నది

పడవ. కొండల మీద కోటలు, వాలంతా ద్రాక్షతోటలు. ఎంత నీరో! చెయ్యి ఆగలేదు — పసుపు, కుంకుమ, రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టుకున్నాను. ప్లాస్టిక్ పొట్లంతో సహా వేసేశాను. బుద్ధి ఉండక్కర్లా?

యూనిఫాం పిల్ల వచ్చి అందరిముందూ చీవాట్లు పెట్టింది. భాష తెలియకపోయినా చీవాట్లు తెలుస్తాయి. తల దించుకున్నాను.

వదిన లేచింది. శుద్ధ తెలుగులోనే.

"మా ఆడపడుసమ్మా. నదికి దండవెట్టింది. తప్పయితే నేను సెప్పుకుంతాను, దాన్నేటీ అనకు."

ఆ పిల్లకేం అర్థమైందో, వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మా ఆడపడుచు అంది.

మే 11

వాన. మళ్ళీ మాటల్లేవు. కెటిల్‌తో కూడా.

మే 12, హైడెల్‌బర్గ్

కోట లోపల ఇంటంత ద్రాక్షసారా పీపా. ఇందులో చెరకురసం ఎంత పడుతుందో అంది వదిన, పీపాతోనే. మన బెల్లం వండే పెనాలు ఎన్ని ఒంపినా నిండదన్నాను, గోడతో. మూతి బిగించింది గాని, నవ్వు ఆగలేదు. చూశాను.

మే 14, శాల్స్‌బర్గ్, ఆస్ట్రియా

రాళ్ళ వీధిలో వదిన కాలు మడతపడింది. టూర్‌వాళ్ళందరూ కోట చూడ్డానికి కొండెక్కారు. మేమిద్దరం నది పక్కన బెంచీ మీద. నొప్పుల తైలం తీసి పాదానికి రాస్తున్నాను. ఆడపడుచు కాళ్ళు పట్టడమేమిటని వెనక్కి లాక్కోబోయింది. వదల్లేదు నేను.

అప్పుడు, నన్నే చూస్తూ...

"పేరు పడకపోడం తప్పే. ప్రెస్సోడు ఒదిలేసేడు. అందుకే బొట్టెట్టి పిలుద్దావని నేనే వచ్చేను. నువ్వు తలుపు తియ్యనేదు. మిట్టమద్యానం, కుంకం బరిణె అట్టుకుని నిలబడిపోనాను."

తలుపు వెనకే ఉన్నాను నేను. బెల్లు విన్నాను. మూడుసార్లు కొట్టింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ పేజీలకు కూడా. నాలుగేళ్ళూ కార్డు గురించే ఊరంతా చెప్పుకు తిరిగాను. ఛీ.

మే 15, డాన్యూబ్ లోయ

నది వెంటే బస్సు. చిన్న చిన్న ఊళ్ళు, తోటలు, మంచి ఎండ. కిటికీ సీటు నాకిచ్చింది వదిన. మంచాల మధ్య తువ్వాలు నిన్ననే తీసేసింది, తడిసిందని వంక పెట్టి.

మాట నోటిదాకా వస్తోంది. అక్కడే ఆగిపోతోంది. రేపు. రేపు తప్పకుండా.

మే 16, వియన్నా

రాజభవనం తోటలో అనేశాను.

"వదినా, తప్పు నాదే. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. ఈసారి గుమ్మంలోనే నిలబడి ఉంటాను."

వదిన చెప్పు విప్పి, లేని రాయిని దులిపింది. అవతల మనవాళ్ళు ఫొటోకి రమ్మని పిలుస్తున్నారు. లేచి, కుంటుతూ నాలుగడుగులు వేసి ఆగింది.

"పొద్దుట పూట ఇంటికాడుంతావా, సాయంత్రమా?"

రెండు పూటలా ఉంటానన్నాను. ఊఁ అని నడిచింది. వస్తానని మాత్రం అనలేదు.