లోడుతో ఉన్నప్పుడే వచ్చే చప్పుడు

వట్లూరు, బుధవారం.

నాన్నగారికి వందనాలు. ఫోనులో మీకు వినపడదు కాబట్టి కార్డు రాస్తున్నాను. అందరం క్షేమమే, కంగారు పడకండి.

మన పాత చేపల బండిలో టక్కుమనే చప్పుడు ఎక్కడిదో తెలిసింది. నీచు వాసనతో మెకానిక్కు షెడ్డుకి వెళ్తే బాగోదని ఇన్నాళ్ళూ చేపల ట్రేలన్నీ దింపి, కడిగి మరీ తీసుకెళ్ళాను. ఖాళీ బండి చప్పుడు చేయలేదు. ఇద్దరు మెకానిక్కులు ఏమీ లేదన్నారు. నిన్న తాడేపల్లిగూడెంలో ఒక పెద్దాయన లోడుతోనే తెమ్మని, కిందికి దూరి చూశారు. ఐసు నీళ్ళు కారి కారి బండి కింది ఛాసిస్ చట్రం తుప్పు పట్టి, వెనక చక్రాల దగ్గర సగం దాకా పగిలిందండి. చెరువు పని అయ్యాక సారమ్మ పిన్ని, ఇంకో తొమ్మిదిమంది ఆడవాళ్ళు రోజూ దాని మీదే కూర్చుని ఇళ్ళకి వస్తున్నారు.

కిందటి నెల మిమ్మల్ని గణపవరంలో దింపడానికి లోడుతో వస్తున్నప్పుడు, డోరుకి అరచెయ్యి ఆనించి, "కింద ఏదో విరిగిందిరా, ఆపు" అన్నారు మీరు. చెవులు వినపడని మీకేం తెలుస్తుందన్నాను. ఆ మాట మీకు వినపడలేదు గానీ, నేను నవ్వడం చూసే ఉంటారు.

అమ్మకి బీపీ బిళ్ళలు ఉన్నాయా? తిరుగు కార్డులో రాయండి.

శనివారానికి వెల్డింగు అయిపోతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి రండి. లోడు వేసి నడుపుతాను. మీరు చెయ్యి ఆనించి చూసి చెప్పేదాకా పిన్నివాళ్ళని ఎక్కించను.

మీ కుమారుడు,
శ్యామ్ సుందర్