చెంప గిల్లిన పాపం

పెద్దమ్మకి నమస్కారాలు.

నేను క్షేమం. అలవాటు కొద్దీ రాశాను గానీ, క్షేమమేమీ లేదు.

మొన్న ఆదివారం మా చరిత్ర మాస్టారు క్లాసందరినీ బస్సెక్కించి ఒక కొండ మీది ఊరికి తీసుకెళ్ళారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణం. ఊరంతా రాతి మెట్లే. ఇళ్ళు నాలుగొందల ఏళ్ళనాటివి. నా సంగతి నీకు తెలుసుగా, ఒక తలుపు మీద చెక్కిన లతలు చూస్తూ నిలబడిపోయాను, మావాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఆ తర్వాత ఒక పని చేశాను. రాయడానికి చెయ్యి రావట్లేదు. అప్పట్నుంచీ తిండి సయించడం లేదు, మాస్టారి మొహం చూడలేకపోతున్నాను. నీ పెంపకానికి మచ్చ తెచ్చాను.

ఇట్లు,
నీ పరధ్యానం

తా.క.: నీ దగ్గర దాపరికం దేనికి. అక్కడ ఒకావిడ చెంప గిల్లాను. ఇంతకు మించి అడగొద్దు.

*

ఒరే పరధ్యానం,

ఈసారికి ఆశీస్సులు లేవు.

నీ ఉత్తరం వచ్చేసరికి షాపులో మిషను తొక్కుతున్నాను, ఒళ్ళో ఎవరివో కిటికీ పరదాలు. చేతులు ఖాళీ లేక, కొలతలివ్వడానికొచ్చిన హెడ్మిస్ట్రెస్ గారిని చదవమన్నాను. ఆవిడ పాఠం చదివినట్టు గొంతెత్తి చదివింది. తాజాకలం కూడా అదే గొంతుతో చదివేసింది. షాపులో ఐదుగురు ఆడవాళ్ళున్నారు. నేను నా కొంగునే పరదాకి కలిపి కుట్టేశాను. విప్పడానికి గంట పట్టింది.

మీ అమ్మ పోతూ పోతూ నిన్ను నా చేతుల్లో పెట్టింది. చదువుకోమని దేశం కాని దేశం పంపితే ఇదా నువ్వు వెలగబెట్టింది? ఎవరి బిడ్డో ఏమో, ఆ పిల్ల ఎంత ఏడ్చిందో. తలచుకుంటే నాకే తల కొట్టేసినట్టుంది. వెళ్ళి ఆ పిల్లని క్షమించమని అడుగు. అడిగానని రాసేదాకా నీకూ నాకూ మాటల్లేవు.

పెద్దమ్మ

తా.క.: పిల్ల ఎలా ఉంటుంది? అడుగుతున్నది నేను కాదు, హెడ్మిస్ట్రెస్ గారు.

*

పెద్దమ్మా,

మాటల్లేవన్నావు కాబట్టి నాలుగు ముక్కల్లో ముగిస్తాను.

పిల్ల కాదు. ఎనభై దాటి ఉంటాయి. ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుందిట. తలుపు తీసి ఉంటే నేనే లోపలికి వెళ్ళాను. గదులన్నీ తిరిగాను. బీరువా తెరిచాను. వంటింట్లో గిన్నెల మూతలెత్తి చూశాను. మంచం మెత్తగా ఉందా లేదా అని కాసేపు నడుం వాల్చాను. బల్ల మీద పుస్తకముంటే అందులో, అన్నీ చక్కగా ఉన్నాయి, కాస్త దుమ్ము దులిపితే ఇంకా బాగుంటుంది అని రాసి సంతకం పెట్టాను. చివరికి ఆవిడ దగ్గరికెళ్ళి చెంప గిల్లాను. ఆవిడ కెవ్వుమంది. నేను అంతకంటే పెద్దగా కెవ్వుమని పారిపోయాను.

ఎందుకు చేశానో రాస్తే నీ ముందు ఇంకా చులకనైపోతాను. అది మాత్రం అడగకు.

సిగ్గుతో,
నీ పరధ్యానం

తా.క.: ఆ పుస్తకంలో పైన మాత్రల పేర్లు, వేసుకునే వేళలు రాసి ఉన్నాయి. చూశాను. అయినా నాకు తట్టలేదు.

*

ఒరే,

గిల్లుడే నయమనిపించావు గదరా.

ఒంటరి ముసలమ్మ ఇంట్లో దూరి బీరువా తెరిచినవాణ్ణి ఏమంటారో నాకు తెలియదా? హెడ్మిస్ట్రెస్ గారు ఆ మాట పైకే అనేశారు. నేను కాదనలేకపోయాను. దొంగతనానికెళ్ళి, దుమ్ము దులుపుకోమని చెప్పి, సంతకం పెట్టొచ్చినవాణ్ణి మాత్రం నిన్నే చూస్తున్నాను.

నేను చెప్పినట్టు చెయ్యి. ఆ ఇంటికెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడు. తల ఎత్తకు. తప్పు చేసినవాడు పెద్దవాళ్ళ కాళ్ళే చూడాలి, మొహం కాదు. చేసినవన్నీ పైకి చెప్పు. ఆవిడ నోరు విప్పి లేవమనేదాకా లేవకు. నువ్వు దొంగవైనా నాకు బిడ్డవే, కానీ ఆవిడ క్షమించందే నా గుమ్మం తొక్కకు.

పెద్దమ్మ

తా.క.: నీ ప్యాంట్లన్నీ మోకాళ్ళ దగ్గర పల్చబడి ఉంటాయి. మందంగా ఉన్నది చూసి వేసుకో.

*

పెద్దమ్మకి,

వెళ్ళొచ్చాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఆ ఊళ్ళో ఒక పాత ఇంటిని మ్యూజియంగా ఉంచి, లోపల మైనపు మనుషుల్ని కూర్చోబెట్టారని మాస్టారు చెప్పారు. నేను దూరింది అదే అనుకున్నాను, బల్ల మీది పుస్తకం చూడవచ్చినవాళ్ళు అభిప్రాయం రాసేదనుకున్నాను. ఆవిడ కిటికీ పక్కన కదలకుండా కూర్చుని ఉంది. మైనమో చెక్కో చూద్దామని గిల్లాను. అంతే. దొంగవన్నా ఓర్చుకున్నాను గానీ, ఇంత మొద్దునని నీకు చెప్పుకోలేకపోయాను.

వాళ్ళ భాష వచ్చినా, తడబడకూడదని వారం పాటు క్షమాపణ బట్టీ పట్టి నిన్న వెళ్ళాను. తలుపు తీసే ఉంది. తల దించుకునే లోపలికి నడిచాను. కిటికీ పక్క కుర్చీ, గౌను అంచు, చెప్పులు కనిపించగానే సాగిలపడ్డాను. మూతలెత్తడం, నడుం వాల్చడం, బొమ్మనుకుని గిల్లడం, అన్నీ చెప్పాను. ఏడుపు కూడా వచ్చింది. ఆవిడ లేవమనలేదు. నువ్వేమో లేవొద్దన్నావు. చెప్పుల మీద దుమ్ముంటే, పాపం చూసేవాళ్ళు లేరనుకుని రుమాలుతో తుడిచి, మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. అరగంట గడిచింది. వెనకాల గుసగుసలు. ఎవరో ఫొటో తీశారు. అప్పుడు తల ఎత్తాను.

ఈసారి వచ్చింది నిజంగా మ్యూజియానికే. ఆవిడ ఇల్లు పక్కది.

భూమి నోరు తెరిస్తే అందులోకి పోదామనిపించింది. ఈలోగా టికెట్లిచ్చే ఆయన పరుగెత్తుకెళ్ళి పక్కింటి పెద్దావిణ్ణి పిలుచుకొచ్చాడు. ఆవిడ కర్ర ఊతంగా వచ్చి, నా చెవి దగ్గర వంగింది.

"ఇంక ఆపు నాయనా, నా పరువు తీశావు. నువ్వొచ్చినప్పుడు నేను మేలుకునే ఉన్నాను. దొంగవనుకుని, భయంతో ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చున్నాను. వీధిలో అందరికీ మాత్రం కర్రతో కొట్టి తరిమానని చెప్పుకున్నాను."

ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. జనం అప్పుడే ఆవిడ వంక చూసి నవ్వుకుంటున్నారు. ఆ సిగ్గు ఎలా ఉంటుందో ఆ గదిలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? చూడలేకపోయాను పెద్దమ్మా. లేచి నిలబడి, ఇందాక చెప్పిందంతా అబద్ధమన్నాను. వచ్చింది దొంగతనానికేనని, ఈ అవ్వ చేతి దెబ్బలు తిని పారిపోయానని ఒప్పుకున్నాను. మోకాళ్ళు పట్టేసి కుంటుతుంటే అందరూ నమ్మేశారు. పోలీసుల్ని పిలుస్తానని టికెట్లాయన అంటే, ఆవిడ కర్ర పైకెత్తి, వీణ్ణి నేను క్షమించాను, దారి వదలండి అంది.

నువ్వన్నట్టే అయింది. ఆ ఊళ్ళో నేనిప్పుడు దొంగనే.

ఇట్లు,
నీ పరధ్యానం

తా.క.: వచ్చే ఆదివారం ఆవిడ నన్ను భోజనానికి పిలిచింది. పెరటి గుమ్మంలోంచి రమ్మంది. దొంగని వీధి గుమ్మంలోంచి రానిస్తే చూసేవాళ్ళకి బాగుండదట.