ఏడో స్టేషన్ దాకా

చెల్లీ శకుంతలా,
అందరం క్షేమం, నా మోకాలి గురించి బెంగ వద్దు.

ఈ దేశంలో జూలైలోనే చలికాలం కదా, ఆ సెలవులకు మావాడు మంచు చూపిస్తానని విమానం టికెట్లు కొనబోయాడు. మనవరాలు హాసిని, "ఫ్లైట్ వద్దు డాడీ, పొల్యూషన్! దగ్గర్లోనే ట్రైన్‌లో పోదాం" అని పట్టుబట్టింది. మా ఇంటి దగ్గరి న్యూ లిన్ స్టేషన్‌లో ఎక్కి, ఏడో స్టేషన్‌లో దిగి, బెంచీ మీద పులిహోర తిని వచ్చాం.

చలికాలం ఆదివారాల్లో నాన్న మనల్ని ప్యాసింజర్‌లో తీసుకెళ్లి, జామకాయలు కొనిపెట్టి, సాయంత్రం బండికి తెచ్చేవారని దానికి చెప్పాను. "ఏ స్టేషన్ నానమ్మా?" అంది. మూడోదని గుర్తుంది, పేరు గుర్తు రాలేదు. అన్నీ రాసిపెట్టుకునే నేను అదొక్కటీ రాసిపెట్టుకోలేదు.

బీపీ మాత్రలు మానకు. పిల్లలకు ఆశీస్సులు. ఆ స్టేషన్ పేరు ఫోన్‌లో చెప్పకు, కార్డు మీద రాసి పంపు, దాచుకుంటాను. ఆ ఆదివారాలు తెలిసినవాళ్లం ఇక మనిద్దరమే.

అక్క